సీదా అని నేనే అన్నాను

నా మీద ఒక మాట బరువు ఉంది. రెండక్షరాల మాట. ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పడానికి నోరు వస్తోంది. తెలిసినవాళ్లకు చెప్పాల్సిన రోజున ఆ నోరు ఎలా మూతపడిందో కూడా ఇందులోనే ఉంది. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి పుట్టేలా రాస్తే నమ్మకండి. నాకు ఆ అలవాటుంది.

తార్నాకలో ఒక గది అద్దెకు తీసుకుని రిమోట్ కార్లు బాగుచేస్తాను. చిన్నపిల్లల బొమ్మలు కావు. మూరెడు పొడుగు, చేతిలోకి తీసుకుంటే బరువు తెలిసే బండ్లు. వదిలితే స్కూటర్‌తో సమానంగా పరిగెడతాయి. పెద్దవాళ్లు కొనుక్కుంటారు, పెద్దవాళ్లే విరగ్గొట్టుకుని తెస్తారు. ఎక్కువగా మోటారు కాలిపోయి వస్తాయి. లేకపోతే పినియన్ అరిగిపోయి వస్తాయి. పినియన్ అంటే మోటారు కమ్మీకి బిగించే చిన్న పళ్ల చక్రం. దాని పళ్లు పక్కనున్న పెద్ద చక్రం పళ్లలో కూర్చుని చక్రాలను తిప్పుతాయి. మరీ దగ్గరగా బిగిస్తే మోటారు కాలుతుంది, ఎడంగా బిగిస్తే పళ్లు రాలిపోతాయి. అందరూ మధ్యలో ఒక కాగితం ముక్క పెట్టి ఆ సందు కొలుస్తారు. నేను పెట్టను. కళ్లు మూసుకుని చప్పుడు వింటాను. నా చెవి అంత మంచిదని పేరు. కస్టమర్లు ఆ మాట అంటుంటే నవ్వుతాను. ఆ నవ్వు ఎంత నేర్చుకుని నవ్వేదో వాళ్లకు తెలియదు.

ఆ చెవి గురించిన పొగరు యూనివర్సిటీలో మొదలైంది. నేను జనగామ వైపు నుంచి వచ్చి ఫిజిక్స్ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. ఇంట్లో మా బాపు బోరు మోటారు చప్పుడు విని ఏం పాడైందో చెప్పేవాడు, నాకు అదే వచ్చిందనుకుంటాను. క్యాంపస్‌లో వాడకం మానేసిన బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటుండేది. ఆదివారాలు అక్కడ కొంతమందిమి కార్లు నడిపేవాళ్లం. నడపడంలో విజయ్‌ని మించినవాడు లేడు. మోటార్లు మార్చడంలో నన్ను మించినవాళ్లున్నారంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

విజయ్‌ది మెట్టుగూడ. వాళ్ల నాన్న రైల్వేలో క్లర్కు, క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. అసలు ఊరు గుంటూరు పక్క. అమ్మ సీతాఫల్‌మండిలో ఒక చిన్న స్కూల్లో లెక్కల టీచరు. రోజంతా నిలబడి పాఠం చెప్పేది. కుర్చీలో కూర్చుంటే లెక్క నడవదని నవ్వేది. నేను ఆవిడను ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను అమ్మాయ్ అనేది.

మా గుంపులో ఒక పద్ధతి ఉండేది. ఇది అర్థమైతేనే మిగతాది అర్థమవుతుంది. మోటారు మార్చాక బండిని బోర్లించిన టిఫిన్ డబ్బా మీద పెడతాం. చక్రాలు గాల్లో ఉంటాయి. నడిపేవాడు రిమోట్ మీట కొంచెం లాగుతాడు. బిగించినవాళ్లు చూసి, చక్రాలు ముందుకే తిరుగుతున్నాయని తేల్చుకుని, 'సీదా' అని పైకి అనాలి. ఆ మాట వినపడందే బండిని కింద పెట్టకూడదు. ఎందుకంటే మోటారుకు రెండు వైర్లు. అవి అటుదిటు ఇటుదటు పెడితే మోటారు ఉల్టా తిరుగుతుంది. ముందుకు పొమ్మని మీట లాగితే బండి అంతే జోరుగా వెనక్కి వస్తుంది. ఈ పొరపాటు ఎవరైనా చేస్తారు. చేస్తారనే ఆ పద్ధతి.

ఆ ఆదివారం విజయ్ బండికి కొత్త మోటారు వేశాను. పినియన్ కూడా పెద్దది వేశాను, జోరు పెరగాలని. పాత మోటారుకు ఎరుపు ఒకటి, నలుపు ఒకటి వైర్లు ఉండేవి. కొత్తదానికి రెండూ నలుపే. ఏది ఏదో తెలియడానికి మోటారు వీపు మీద చిన్న ఎర్ర చుక్క ఉంటుంది. నేను చూసుకోలేదు. చూసుకోవాలని కూడా అనిపించలేదు. నా ధ్యాసంతా పళ్ల మీదే. కాగితం లేకుండా చెవితో సందు పెట్టి అందరి నోళ్లూ మూయించాలని ఉంది. టిఫిన్ డబ్బా మీద పెట్టాను. విజయ్ మీట లాగాడు. నేను వంగి, చెవి దగ్గర పెట్టి, కళ్లు మూసుకున్నాను. చప్పుడు ఎంత నున్నగా వచ్చిందో. ముందుకు తిరిగినా వెనక్కి తిరిగినా పళ్ల చప్పుడు ఒకటేనని ఫిజిక్స్ చదివే నాకు తెలియదా? తెలుసు. కళ్లు మూసుకునే అన్నాను.

"సీదా!"

విజయ్ చక్రాల వైపు చూడనేలేదు. అప్పుడే వాళ్ల అమ్మ కోర్టులోకి వస్తోంది. ఎన్నాళ్లనుంచో బతిమాలుతుంటే చర్చి నుంచి నేరుగా వచ్చింది, చేతిలో బైబిలు సంచీ. విజయ్ ఆమెకు చెయ్యి ఊపి, ముందుకు రావద్దని, బండికి వెనకాల నిలబడమని చెప్పాడు. చూడవచ్చిన వాళ్లందరికీ చెప్పేది అదే. వెనకుంటే ఏ భయమూ లేదు. ఆవిడ చెప్పినచోటే, కోర్టు అంచున ఉన్న సిమెంటు మెట్టు పక్కన నిలబడింది.

విజయ్ బండిని కింద పెట్టి మీట పూర్తిగా లాగాడు.

బండి వెనక్కి వచ్చి ఆవిడ చీలమండకు కొట్టుకుంది. ఆవిడ పక్కకు ఒరిగి మెట్టు అంచు మీద పడింది. ఆ చప్పుడు కూడా నా చెవి విన్నది. తుంటి ఎముక విరిగింది. అది తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసింది ఒక్కటే, ఆవిడ 'అమ్మా' అనలేదు, 'విజయ్' అంది.

వాడు రిమోట్ పారేసి పరిగెత్తాడు. అందరూ పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను. ఇక్కడే ఆగి చెప్పాలి మీకు. నేను ఆవిడ దగ్గరికి పరిగెత్తలేదు. బండి దగ్గరికి పరిగెత్తాను.

బండి తిరగబడి ఉంది. దాని మీద వంగి రెండు వైర్లూ పీకి, ఇటుది అటు, అటుది ఇటు పెట్టేశాను. ఎవరూ నన్ను చూడలేదు. చూసినా, ఈ పిల్ల బండి కట్టేస్తోంది అనుకుని ఉంటారు. నా వేళ్లు వణకలేదు. దాని గురించి ఎన్నిసార్లు ఆలోచించానో. మోటారు ఉల్టా పెట్టడం పొరపాటు. కళ్లు మూసుకుని సీదా అనడం పొగరు. కానీ ఆవిడ నేల మీద మూలుగుతుంటే ఆ వైర్లు మార్చిన చెయ్యి? దానికి నా దగ్గర చిన్న పేరు ఏదీ లేదు. అది తప్పే. తెలిసి చేసిన తప్పు.

ఆంటీని ఆటోలో ఎక్కించి పంపాక మా సీనియర్ ఒకతను బండిని మళ్లీ డబ్బా మీద పెట్టి మీట లాగాడు. చక్రాలు ముందుకు తిరిగాయి. అతను అందరి వైపూ చూసి అన్నాడు.

"బండి సీదానే ఉన్నది. పాపం, విజయ్‌గాడు అమ్మను చూసిన ఖుషీల ఉల్టా నొక్కిండు."

అంతే. తీర్పు అయిపోయింది. నేను నోరు తెరవలేదు. ఒక్క మాట చాలు అప్పుడు. అందరూ నన్ను తిట్టేవాళ్లు, ఆంటీ ఏడ్చేది, నేనూ ఏడ్చేదాన్ని, కాలం గడిచేది. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు ఆ కోర్టులోకి వెళ్లి ఆ ఒక్క మాట అన్నానో లెక్కలేదు. మనసులో అనడానికి ధైర్యం అక్కర్లేదు కదా.

భయం ఆ రోజుతో పోలేదు, ఆ రోజు మొదలైంది. ఎందుకంటే విజయ్‌కు ఆ బండి బాగా తెలుసు. మీట తన వైపుకి లాగితే ముందుకు, అవతలికి నొక్కితే బ్రేకు. నిజంగా వెనక్కి రావాలంటే ముందు బ్రేకు నొక్కాలి, వదలాలి, మళ్లీ నొక్కాలి. అప్పుడు కూడా నడిచినంత నెమ్మదిగానే వస్తుంది. వాడు ఒక్క గంట ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే చాలు, అంతా తెలిసిపోతుంది. ఆ గంట వాడికి దొరకకూడదని నేను కోరుకున్నాను. స్నేహితుడి మనసు కుదుటపడకూడదని కోరుకున్న మనిషిని నేను.

ఆ గంట దొరికింది. ఆంటీకి ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు, ఆసుపత్రి ఎదురుగా చాయ్ బండి దగ్గర, మధ్యాహ్నం పూట. చాయ్ తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. తన చూపుడు వేలినే చూసుకుంటున్నాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది, ఏం అడగబోతున్నాడో.

"నాకు మీట నా వైపుకి లాగినట్టే గుర్తు," అన్నాడు.

గ్లాసు పక్కన పెట్టాడు.

"బ్రేక్ కొట్టకుండా రివర్స్ రాదు కదా? వచ్చినా అంత స్పీడ్ ఎలా వస్తుంది? నువ్వు చెప్పు. బండి నాకంటే నీకే బాగా తెలుసు."

నాకు బాగా తెలుసు. అందుకే జవాబు తడుముకోవాల్సి రాలేదు.

"కొత్త మోటర్ కదా. పినియన్ గూడ పెద్దది ఏసినం. ముందుకు పెరిగినట్టే వెనక్కు గూడ స్పీడ్ పెరుగుతది. కంగారుల రెండుసార్లు నొక్కినవేమో, నీకు యాదికి లేదు."

ఇందులో ఒక్కటైనా అబద్ధం ఉందా చూడండి. పినియన్ పెద్దదైతే రెండు వైపులా జోరు పెరిగే మాట నిజమే. చివర 'ఏమో' కూడా పెట్టాను. నా పనితనం అంత గొప్పది. నిజం ముక్కలు ఏరి, సందు లేకుండా బిగించి, వాడి చేతిలో పెట్టాను.

వాడు మళ్లీ వేలిని చూసుకున్నాడు. "అంతేనేమో," అన్నాడు. అప్పుడు నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. "పరేషాన్ కాకు. ఎవ్వరికైనా అయితది," అన్నాను. ఓదార్చాను నేను. వాడు ఏడ్చాడు. నాకు థాంక్స్ చెప్పాడు.

ఆ తర్వాత విజయ్ మళ్లీ రిమోట్ ముట్టలేదు. అది పోతే పోయింది, బైకు కూడా అమ్మేశాడు. ఇప్పటికీ సీతాఫల్‌మండి స్టేషన్‌లో లోకల్ రైలెక్కి ఆఫీసుకు వెళ్తాడు. ఇంట్లో వేడి గిన్నె దించడు. ఎవరైనా కూరగాయలు కోసిపెట్టమంటే కత్తి వైపు చూసి, నవ్వి, జరిగిపోతాడు. తన చెయ్యి తన మాట వినదని వాడి నమ్మకం. ఆ నమ్మకం వాడికి ఇచ్చింది ఎవరో మీకు తెలుసు. ఆంటీ కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తుంది. నిలబడలేదు కనక స్కూలు మానేసింది.

నేను మాత్రం ఆ ఇంటికి వెళ్లడం మానలేదు. ఆంటీని వ్యాయామం చేయించడానికి తీసుకెళ్లేదాన్ని, మందులు తెచ్చేదాన్ని. ఆవిడ నన్ను కూతురనేది. మంచితనంతో వెళ్లానా? కొంత మంచితనమే అయ్యుంటుంది, పూర్తిగా కాదని ఎలా చెప్పను? కానీ ప్రతిసారీ గుమ్మంలో అడుగుపెడుతూనే ముందు విజయ్ ముఖం చూసేదాన్ని. తెలిసిందా? ఇంకా తెలియలేదా? తెలియలేదని నిర్ధారణ అయ్యాకే ఆంటీ కాలు ఎలా ఉందని అడిగేదాన్ని. కాపలా కాసినదాన్ని కూతురనుకుంది ఆవిడ.

అన్నిటికంటే కష్టం సాక్ష్యం. వాళ్ల సంఘంలో ప్రార్థన కూడికల్లో ఒక్కొక్కరు లేచి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు, దాన్ని సాక్ష్యం అంటారు. ఆంటీ ఎప్పుడూ ఒకటే చెప్పేది. "నా కన్నకొడుకు చేతి వల్లే నాకీ దెబ్బ తగిలింది. మొదట్లో వాడి ముఖం చూడలేకపోయాను. ప్రభువు నాకు క్షమించే మనసిచ్చాడు. నేను వాణ్ణి క్షమించాను." అందరూ స్తోత్రం అనేవాళ్లు. ఆవిడ ప్రేమతోనే చెప్పేది, అందులో అనుమానం లేదు. విజయ్ మాత్రం తల వంచుకుని చాప అల్లిక చూస్తుండేవాడు. మా మతం వేరైనా ఆ చాప మీద నేనూ కూర్చునేదాన్ని, వాడి పక్కనే. చేయని తప్పుకు పదిమందిలో క్షమ పొందుతున్నవాడి పక్కన.

మొన్న వాళ్లింట్లో మళ్లీ కూడిక. విజయ్‌కు కూతురు పుట్టింది. పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఆంటీ కూర్చునే సాక్ష్యం చెప్పింది. అయ్యాక పాపను ఒకరి చేతుల్లోంచి ఒకరు తీసుకుంటున్నారు. వరసలో విజయ్ వచ్చాడు. వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నవ్వుతూనే పెట్టుకున్నాడు. వాడి భార్య పాపను పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప పుట్టిన దగ్గరనుంచి వాడు ఒక్కసారి కూడా ఎత్తుకోలేదట.

ఆంటీ ఆ ఇబ్బంది కప్పిపుచ్చడానికి నా వైపు తిరిగింది. "నీకివ్వమంటానమ్మాయ్, నువ్వెత్తుకో. నీది నిలకడైన చెయ్యి."

పాపను నా చేతుల్లో పెట్టారు. వెచ్చగా ఉంది. పాల వాసన. నా చేతులు ఇన్నేళ్లలో మొదటిసారి వణికాయి. పక్కన విజయ్ కూతురిని చూస్తున్నాడు, నా చేతుల మీదుగా. ఆ చూపు నేను భరించలేకపోయాను. పాపను తల్లికి ఇచ్చేసి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పను, అది నాకు తెలిసిపోయింది.

అందరూ భోంచేసి వెళ్లేదాకా ఉన్నాను. విజయ్ భార్య పాపను నిద్రపుచ్చడానికి లోపలికి వెళ్లింది. హాల్లో ఆంటీ, విజయ్, నేను మిగిలాం. ముందుగా అనుకున్న మాటలన్నీ పోయాయి. విజయ్‌ని చూసి చెప్పాను.

"ఆ దినం నువ్వు ముందుకే లాగినవ్ విజయ్. మోటర్ వైర్లు నేనే ఉల్టా పెట్టిన. చూడకనే సీదా అన్న. ఆంటీ పడ్డంక, మీరందరు ఆమె దగ్గర ఉన్నప్పుడు, నేనే వైర్లు మార్చిన. నీ చెయ్యి ఏం తప్పు చెయ్యలే."

ఫ్యాను తిరుగుతోంది. విజయ్ కోప్పడతాడని ఎదురుచూశాను. కొట్టినా బాగుండుననిపించింది. వాడు వైర్ల గురించి అడగలేదు. అమ్మ కాలు గురించి అడగలేదు.

"చాయ్ బండి దగ్గర నేను నిన్ను అడిగాను కదా," అన్నాడు. చాలా మెల్లగా. "నీ దగ్గరికొచ్చి, నిన్నే అడిగాను."

అవును. అడిగాడు.

ఆంటీ నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూస్తోంది. వాడితోనే అంది. "అందరి ముందూ చెప్పానే. ఇన్నేళ్లు. ఇందాక కూడా చెప్పానే. దేనికి క్షమించాన్రా నిన్ను?"

విజయ్ ముఖం అప్పుడు ముడుచుకుపోయింది. నేను 'ఆంటీ' అన్నాను. ఏం చెబుదామనో నాకే తెలియదు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"వద్దమ్మా. నువ్విప్పుడు ఏమీ అడగొద్దు. ఆ మాట నాకు నోట రాదు. నువ్వెళ్లు."

అమ్మాయ్ అనలేదు. లేచాను. ఎవరూ గుమ్మం దాకా రాలేదు. చెప్పులు వేసుకుంటుంటే లోపల కర్ర నేలకు తగిలిన చప్పుడు, ఆవిడ లేచిన చప్పుడు, తర్వాత ఏడుపు. "నన్ను క్షమించు నాన్నా," అంటోంది ఆవిడ, కొడుకుతో. ఆ మాట అనాల్సినదాన్ని నేను. ఆవిడ చేత అనిపించాను, అది కూడా నా లెక్కలోకే వస్తుంది. వాడు ఏమన్నాడో వినలేదు. పాపను ఎత్తుకున్నాడో లేదో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు ఇక నాకు లేదు, ఆ ఇంటికి మళ్లీ వెళ్లను.

గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాను. ఎండగా ఉంది, ఆటోలు హారన్లు కొడుతున్నాయి. లోపల ఆవిడ ఇంకా ఏడుస్తూనే ఉంది. సిగ్గు విడిచి మీకొక్కరికే చెబుతున్నాను. ఆ ఏడుపు వినపడుతుండగానే నాకు ఇన్నేళ్లకు ఊపిరి ఆడింది.